తగువు ఎవరి సొత్తు?

1976 మార్చి 31న ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో నేరశాస్త్ర అధ్యయన కేంద్రం తరఫున స్థాపక ఉపన్యాసం ఏర్పాటైంది. మాట్లాడటానికి ఓస్లో నుంచి నిల్స్ క్రిస్టీ అనే ఆచార్యుడిని పిలిపించారు. ఆయన మొదలుపెడుతూనే, నేరశాస్త్రం అనేదే మనకు ఉండకూడదేమో, ఇట్లాంటి సంస్థలను తెరిచే బదులు ఉన్నవాటిని మూసుకోవాలేమో అన్నారు. గృహప్రవేశానికి పిలిస్తే వచ్చి, విస్తరి ముందు కూచొని, ఈ ఇల్లు కట్టకుండా ఉండాల్సిందేమో అన్నట్టుంటుంది ఆ మొదలు. కానీ అందులో వెటకారం లేదు. చివరి పేరా దాకా ఆయన ఆ అనుమానాన్ని వదలరు, దానికి తగిన జవాబు వెతికి చూపించిగానీ ఆపరు.

ఆ ఉపన్యాసం మరుసటి ఏడు 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్రిమినాలజీ'లో 'కాన్‌ఫ్లిక్ట్స్ యాజ్ ప్రాపర్టీ' అనే పేరుతో అచ్చయింది. మొత్తం పదిహేను పేజీలు. నేరం జరిగినప్పుడు శిక్ష ఎంత అన్న దగ్గరే ఆగకుండా, దెబ్బ తిన్నవాళ్లకు ఏం కావాలి, అది ఎవరు తీర్చాలి, రేపటి నుంచి వీళ్లంతా ఒకే ఊళ్లో ఎట్లా బతకాలి అని అడిగే పద్ధతిని ఇప్పుడు పునరుద్ధరణ న్యాయం అంటున్నారు. ఆ పాఠం చెప్పే చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి చేతికి ముందుగా వచ్చే రచనల్లో ఇదొకటి. ఆ పేరు అప్పటికి ఇంత వాడుకలోకి రాలేదు. క్రిస్టీ ఈ పదిహేను పేజీలను ఆ మాట అవసరమే లేకుండా నడిపించారు. నేను ఈ వ్యాసాన్ని మెచ్చుకునేది అందులో చెప్పిన విషయానికి కొంత, దాన్ని కట్టిన తీరుకు అంతకన్నా ఎక్కువ.

మందమర్రిలో కూచొని చదివితే దీని పనితనం ఇంకా బాగా తెలుస్తుందని నా నమ్మకం. ఇది బొగ్గుబావుల ఊరు, అదే సమయంలో ఏజెన్సీ. రాజ్యాంగం ఐదో షెడ్యూలు పరిధిలో ఉండటం వల్ల మున్సిపాలిటీ ఎన్నికలు ఏళ్ల తరబడి ఆగిపోయిన పట్టణం. ఇక్కడ ఇద్దరికి తగువొస్తే పోవడానికి ఒక్క తలుపు కాదు, నాలుగైదు ఉంటాయి. కులపోళ్లను పిలిచి పంచాది పెట్టించొచ్చు. పెద్దమనుషుల దగ్గర కూచోవచ్చు. ఇద్దరూ బావిలో పనిచేసేవాళ్లయితే యూనియన్ ఆఫీసుకు పోవచ్చు, గొడవ డ్యూటీలో జరిగితే కంపెనీ చార్జిషీటు, ఎంక్వైరీ ఉండనే ఉన్నాయి. ఏదీ తెగకపోతే పోలీసు స్టేషన్, ఆ తర్వాత కోర్టు. ఇన్ని రకాల న్యాయం కళ్ల ముందు నడిచే చోట, క్రిస్టీ అడిగిన ప్రశ్నను పుస్తకంలో వదిలెయ్యడం కుదరదు.

ఆయన ప్రశ్న ఇది: ఒక తగువు జరిగినప్పుడు అది ఎవరిది? తగువు పడ్డవాళ్లదా, లేక దాన్ని తీర్పు చెప్పడానికి తీసుకుపోయినవాళ్లదా?

జవాబు చెప్పేముందు ఆయన మనల్ని టాంజానియాలోని అరూషా ప్రాంతానికి తీసుకుపోతారు. ఒక చిన్న ఇల్లు. లోపల ఉక్క. ఊళ్లో పెద్దవాళ్లు దాదాపు అందరూ వచ్చారు, పక్క ఊళ్ల నుంచి కూడా కొందరు వచ్చారు. అంతా సందడి. మాటలు వేగంగా సాగుతున్నాయి, నవ్వులున్నాయి, ఒక్క మాట కూడా పోకుండా చెవులు రిక్కించి వింటున్నారు. జరుగుతున్నది ఒక పంచాయితీ. ఒక అబ్బాయికి, ఒక అమ్మాయికి పెళ్లి కుదిరింది. ఆ సంబంధం మీద అతను చాలాకాలం చాలా ఖర్చుపెట్టాడు. చివరికి ఆమె వద్దంది. పెట్టింది తిరిగి ఇమ్మని అతని దావా. బంగారం, వెండి, డబ్బు లెక్క సులభంగానే తేలింది. మరి వాడేసిన వస్తువుల సంగతేమిటి? అప్పుడప్పుడూ అయిన చిల్లర ఖర్చుల సంగతేమిటి?

ఇక్కడ క్రిస్టీ చేసిన పని చాలా చిన్నది, కానీ వ్యాసమంతా దాని మీదే నిలబడింది. ఎవరు ఎక్కడ కూచున్నారో ఆయన వరసగా చెప్పుకుంటూ పోతారు. నడిమధ్యన ఆ ఇద్దరు, వాది, ప్రతివాది. వాళ్లకు దగ్గరగా బంధువులు, స్నేహితులు. వాళ్లూ మాట్లాడతారు కానీ ఆ ఇద్దరి నోటి నుంచి మాట లాక్కోరు. వాళ్ల వెనక ఊరి జనం. జనం ఊరికే చూసిపోయేవాళ్లు కాదు, ఒక ప్రశ్న వేస్తారు, తెలిసిన సంగతి ఒకటి కలుపుతారు, ఒక పరాచికం ఆడతారు. తీర్పరులు ముగ్గురు, ఆ ప్రాంతపు పార్టీ కార్యదర్శులు. వాళ్లు దాదాపు ఏమీ చెయ్యరు. ఆ ఊరి సంగతులు వాళ్లకు పెద్దగా తెలియవు కూడా. మిగతా అందరికీ తెలుసు. ఏం జరిగిందో తెలుసు, ఏం జరగాల్సి ఉండెనో తెలుసు, ఆ రెండింటినీ మాటల్లో తేల్చుకుంటున్నారు. పత్రికల వాళ్లెవరూ రాలేదు. తెలుసుకోవాల్సిన వాళ్లంతా అక్కడే ఉన్నప్పుడు పత్రిక ఎందుకు?

దీన్ని ఆయన పొగడరు. ఇదే ఆదర్శం, ఇట్లా ఉండాలి అని ఒక్క ముక్క కలపరు. కూర్చున్న వరస చెప్పి వదిలేస్తారు. వెంటనే తన దేశాల వైపు, స్కాండినేవియా వైపు తిరుగుతారు. అక్కడ కోర్టు ఎక్కడుంటుంది? జనం బతికే వాడల్లో ఉండదు, ఊరి నడిబొడ్డున ఉండే ఆఫీసుల్లో ఉంటుంది. లోపలికి పోతే ఏ గదికి పోవాలో తెలియదు. గదిలోకి పోతే తగువు పడ్డవాళ్లు ముఖ్యులు కారు, వాళ్ల పేరు మీద మాట్లాడేవాళ్లు ముఖ్యులు. చూడటానికి వచ్చేవాళ్లు ఒకరిద్దరు. అరూషాలో జరిగింది ఒక సంఘటన అయితే, ఇక్కడ జరిగేది ఏమీ జరగకపోవడమే అంటారు.

ఇంత వాదన మొత్తం ఆయన గోడలతో, బల్లలతో, బెంచీలతో చేస్తారు. ఒక్క సిద్ధాంతకర్త పేరు తెచ్చుకోకుండానే వినేవాడు ఒప్పుకునే స్థితికి వస్తాడు. నేరశాస్త్రంలో ఇంత నిరాడంబరంగా మొదలై ఇంత దూరం పోయిన రచనలు తక్కువ.

మన కోర్టు హాలును ఆయన కళ్లతో చూడండి. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా ఏర్పడే దాకా మందమర్రి వాళ్లకు జిల్లా కేంద్రం ఆదిలాబాదు. పెద్ద పని ఏది పడ్డా పూట పూటంతా ప్రయాణం. కోర్టు ఆవరణలో చెట్టు కింద నిలబడి పేరు పిలిచేదాకా ఎదురుచూడాలి. లోపల జడ్జిగారి ముందు వరసలో వకీళ్లు. ముద్దాయికి ఒక బోను. మరి దెబ్బ తిన్న మనిషి ఎక్కడ? కేసు పేరు తెలంగాణ రాష్ట్రం వర్సెస్ ఫలానా అని ఉంటుంది. తల పగిలిన మనిషి పేరు ఆ శీర్షికలో ఉండదు. ఆ మనిషి రికార్డులో పి.డబ్ల్యు. 1, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి. తన తల పగిలిన సంగతికి తానే సాక్షి. పిలిచినప్పుడు వచ్చి, అడిగినదానికే జవాబు చెప్పి, వేలిముద్రో సంతకమో పెట్టి వెళ్లిపోవాలి. తీర్పు ఎప్పుడొచ్చిందో చాలాసార్లు ఊళ్లోవాళ్లు చెబితే తెలుస్తుంది.

క్రిస్టీ దీన్నే తన వాదనకు గుండెకాయ చేసుకున్నారు. బాధితుడు రెండుసార్లు ఓడిపోతాడంటారు. ఒకసారి నేరం చేసినవాడి చేతిలో, రెండోసారి రాజ్యం చేతిలో. రెండో ఓటమి ఒక్కోసారి ఎక్కువ లోతుగా తగులుతుంది, ఎందుకంటే తన బతుకులో అంత పెద్ద ఘట్టం తన ముందే, తాను లేకుండా జరిగిపోతుంది. అంతేకాదు, నన్నెందుకు కొట్టావురా అని అడిగే అవకాశం పోతుంది. అడగకపోవడం వల్ల అవతలివాడు ఎట్లాంటి మనిషో తెలియదు, తెలియక భయం పెరుగుతుంది. నేరం చేసినవాడికీ నష్టమే. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి జవాబు చెప్పే బాధ్యత, తప్పు ఒప్పుకుని క్షమాపణ అందుకునే వీలు, రెండూ పోతాయి. మూడో నష్టం మనందరిదీ. మన మధ్య ఏది తప్పో, ఏది ఎంత తప్పో కూచొని మాట్లాడుకునే సందర్భం పోతుంది.

ఆయన 'సొత్తు' అనే మాట ఎందుకు ఎంచుకున్నారో ఇక్కడికొచ్చాక తెలుస్తుంది. మామూలుగా మనం తగువును వదిలించుకోవాల్సిన పీడగా చూస్తాం. ఆయన దాన్ని విలువైన వస్తువుగా చూడమంటారు, వస్తువైతే దాన్ని దొంగిలించేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లలో మొదటివాళ్లు వకీళ్లు. వకీలుకు చదువు నేర్పేది ఏమిటంటే కేసుకు ఏది సంబంధించిందో, ఏది కాదో తేల్చడం. క్వార్టర్ల లైనులో పక్కపక్క ఇళ్లవాళ్లు కొట్టుకున్నారనుకోండి. స్టేషన్‌లో అది గాయం చేసిన కేసు. కోర్టులో ప్రశ్న ఒక్కటే, ఆ దెబ్బ వీడు కొట్టాడా లేదా. ఆ దెబ్బ వెనక తీర్చని చిట్టీ డబ్బులున్నాయా, ఎప్పుడో పెళ్లిలో పిలవలేదన్న మాట ఉందా, పిల్లల మధ్య మొదలైన గొడవ ఉందా అనేది ఫైలులోకి రాదు. ఆ ఇద్దరికీ మాత్రం అదే అసలు కేసు. రెండో రకం దొంగలు నేరస్తుడికి చికిత్స చేస్తామని వచ్చే నిపుణులు. వాళ్ల చేతుల్లో తగువు కాస్తా రోగం అయిపోతుంది. మూడోది మనుషుల్ని విడదీసిన బతుకు తీరు. ఎవరికెవరూ పూర్తిగా తెలియని చోట తగువును పోలీసులకు అప్పజెప్పడం తేలిక. ఎన్నో జిల్లాల నుంచి వచ్చి, బదిలీలతో బావి మారి, రిటైరైన రోజున క్వార్టరు ఖాళీ చేసి పోయే బొగ్గు కాలనీలకు ఈ మూడో మాట సూటిగా తగులుతుంది. అయితే ఒకే షిఫ్టులో ఒకే పని స్థలంలో పైకప్పు కింద ప్రాణాలు పెట్టుకుని పనిచేసినవాళ్ల మధ్య ఉండే ఎరుక ఆయన లెక్కకు అందనిది. ఓస్లో ప్రొఫెసరు చూడని రకం ఇరుగుపొరుగు అది.

వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆయన ప్రతిపాదించిన కోర్టు నమూనా. నాలుగు అంచెలు. మొదటి అంచె ఇప్పటి కోర్టు పనే: చట్టాన్ని మీరడం జరిగిందా, మీరింది ఈ మనిషేనా అని తేల్చాలి. రెండోది, బాధితుడి పరిస్థితి. ఏం పోయింది, ఏం కావాలి, అందులో నేరం చేసినవాడు ఏం తీర్చగలడు, ఇరుగుపొరుగు ఏం తీర్చగలరు, ప్రభుత్వం ఏం తీర్చాలి అని వివరంగా విప్పి చూడాలి. పగిలిన కిటికీ బాగుచెయ్యడం దగ్గర నుంచి ఎంత చిన్నదైనా ఇందులోకి వస్తుంది. ఈ పని మొత్తం అయ్యాకే మూడో అంచె, శిక్ష. నష్టాన్ని పూడ్చడంలో ఆ మనిషి పడ్డ కష్టం చాలదనిపిస్తేనే శిక్ష గురించి మాట్లాడాలి. నాలుగో అంచె నేరం చేసిన మనిషి అవసరాలు: అతనికి చదువు లేదా, పని లేదా, రోగముందా? ఇది శిక్ష తేలిన తర్వాత రావాలంటారు, ముందు వస్తే చికిత్స పేరు మీద శిక్ష పెంచే ప్రమాదం ఉంటుంది కాబట్టి.

కొత్త వ్యవస్థ ఏదీ ఆయన కనిపెట్టలేదు. ఉన్న పనులనే తీసుకుని వాటి వరస మార్చారు. శిక్షను ముందు నుంచి తీసి మూడో స్థానంలో పెట్టారు. ఆ ఒక్క మార్పుతో కోర్టు మొహం మారిపోతుంది. పనిమంతుడు చేసే మార్పు ఇట్లాగే ఉంటుంది, తక్కువ కదిపి ఎక్కువ తిప్పుతాడు.

ఈ చూపు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? 1928లో నార్వేలో పుట్టిన క్రిస్టీ కుర్రవాడిగా చేసిన మొదటి పరిశోధన రెండో ప్రపంచ యుద్ధం నాటి జైలు కాపలాదారుల మీద. నాజీలు ఉత్తర నార్వేలో యుగోస్లావ్ ఖైదీల శిబిరాలు నడిపినప్పుడు కాపలాకు నార్వే మనుషులను కూడా పెట్టారు. వాళ్లలో కొందరు ఖైదీలను హింసించి చంపారు, కొందరు చంపలేదు. తేడా ఏమిటని క్రిస్టీ ఆ రెండు రకాలవాళ్లనూ కలిసి అడిగారు. చంపనివాళ్లు ఎక్కడో ఒకచోట ఖైదీకి దగ్గరగా వచ్చారు, అతను మాట్లాడుతుంటే విన్నారు, ఇంటివాళ్ల ఫోటో చూశారు, తమలాంటి మనిషేనని గుర్తించారు. దూరం ఉన్నచోట క్రూరత్వం సులభమైంది. షెఫీల్డ్ ఉపన్యాసంలో కోర్టు బల్లల మధ్య దూరాన్ని ఆయన అంత పట్టుదలగా కొలవడానికి మూలం అక్కడుందని నేను అనుకుంటాను.

అరూషా దాకా ఎందుకు పోవడం, ఇట్లాంటి చూపు మన ఆదిలాబాదు మీద అంతకు మూడు దశాబ్దాల ముందే పడింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమును చంపిన తర్వాత, గోండులకు ఎందుకు కడుపు మండిందో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండి నేర్చుకున్నారు. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు, ఆ మీదట లండన్ వెళ్లారు. 1948లో 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్', 1979లో 'ద గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' రాశారు. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ల సమాధులు ఈ రోజుకూ మార్లవాయిలో ఉన్నాయి. ఆయన పుస్తకాల్లో గోండుల పంచ్ గురించిన భాగాలు చదివితే అరూషా గది గుర్తుకు రాక మానదు. పట్లా ఊరి పెద్దే, కానీ పంచ్ అంటే ఆయన ఒక్కడే కాదు, కూడిన ఊరు. వచ్చే తగువుల్లో ఎక్కువ భాగం పెళ్లి గురించినవే. భార్య ఇంకొకరి దగ్గరికి పోతే, మొదటి భర్తకు ఎంత తిరిగి ఇవ్వాలనేది తేల్చాలి. కొత్త మొగుడు కట్టిస్తాడు, లెక్క తెగుతుంది, ఎవరి బతుకు వాళ్లు బతుకుతారు. కట్టు తప్పి వెలి పడ్డవాడికి దండుగ ఉంటుంది. అది కట్టి కులానికి భోజనం పెట్టాక అతన్ని మళ్లీ పంక్తిలో కూచోబెట్టుకుంటారు. తలుపు మూసెయ్యడమే కాదు, మళ్లీ తెరిచే దారి కూడా ఆచారంలోనే ఉంది.

హైమండార్ఫ్‌ను మన దగ్గర మానవశాస్త్రం పాఠంలో చెబుతారు, క్రిస్టీని నేరశాస్త్రం చదివేవాళ్లకు చెబుతారు. చాలా లా కాలేజీల్లో నేరశాస్త్రం ఎంచుకుంటే చదివే ఒక పేపరు. ఆ ఇద్దరి రచనలనూ ఒకే బల్ల మీద పెట్టి చదివించాలి. అందుకు చట్టంలో ఆధారం కూడా ఉంది. ఐదో షెడ్యూలు ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం, నాలుగో సెక్షన్‌లో, గిరిజన ఆచారాలను, వనరులను కాపాడుకునే అధికారంతో పాటు తగువులను తమ ఆచారం ప్రకారం తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే సామర్థ్యం కూడా గ్రామసభకు ఉందని చెప్పింది. పార్లమెంటు చేసిన చట్టం ఊరి పంచాయితీకి ఇచ్చిన గుర్తింపు అది. దాని కింద నిజంగా ఏం జరుగుతోందో పరిశోధించడానికి ఆదిలాబాదు, ఆసిఫాబాదు, మంచిర్యాల కన్నా మంచి చోటు ఏ యూనివర్సిటీకి దొరుకుతుంది?

ఇంత మెచ్చుకున్నాక కూడా ఒక దగ్గర నేను క్రిస్టీతో పూర్తిగా నడవలేను. ఆయన నిపుణుల మీద చూపినంత అనుమానం ఇరుగుపొరుగు మీద చూపలేదు. మన ఊళ్లల్లో పంచాయితీ పెద్దలకు కులం ఉంటుంది, భూమి ఉంటుంది. ఉత్తర తెలంగాణ గ్రామాభివృద్ధి కమిటీలు దళిత కుటుంబాలను, తమ మాట వినని కులవృత్తుల వాళ్లను సాంఘిక బహిష్కరణ చేసిన వార్తలు పదేపదే వస్తుంటాయి. కిరాణా కొట్టులో సామాను ఇవ్వొద్దని, మాట్లాడితే జుర్మానా అని దండోరా వేయించడం కూడా ఊరు కూడి చేసిన పనే. అక్కడా అందరూ కూచున్నారు, అందరికీ అన్నీ తెలుసు, వకీలు లేడు. అయినా అది న్యాయం కాదు. ఇంకో సంగతి, ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగితే డబ్బిప్పించి, లేదా వాడికే ఇచ్చి పెళ్లి చేసి ముగించే పంచాదులు. అత్యాచారం కేసులో రాజీ శిక్ష తగ్గించడానికి కారణం కాకూడదని సుప్రీంకోర్టు 2013లో శింభు కేసులో స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది.

అయితే ఈ జబ్బును పట్టుకునే సాధనం కూడా క్రిస్టీ వ్యాసంలోనే ఉంది, అదే దాని గట్టిదనం. అరూషా గదిలో ఆయన చూసింది జనం ఉన్నారా లేదా అని మాత్రమే కాదు, నడిమధ్యన ఎవరున్నారు, మాట ఎవరి నోట ఉంది అని. బహిష్కరణ పంచాయితీలో నడుమ కూచున్నది పెద్దలు. తగువు పడ్డవాళ్లు నిలబడి ఉంటారు. ఆడవాళ్ల తగువైతే ఆ ఆడమనిషి తరఫున అన్నో, తండ్రో, మేనమామో మాట్లాడతాడు, ఆమె వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. వకీలు చేసే దొంగతనం అక్కడ బంధువు చేస్తున్నాడు. ఈ కొలతతో చూస్తే కోర్టు ఓడుతుంది, కమిటీ కూడా ఓడుతుంది. పైగా ఆయన మొదటి అంచెను కోర్టుకే వదిలారు. చట్టం ఏమంటుందో తేలకముందు బేరం మొదలు కాకూడదు.

ఉపన్యాసం తర్వాత లోకం ఊరికే కూచోలేదు. నార్వేలో 1981లో లియర్ అనే ఊళ్లో తగువు మండలి ప్రయోగాత్మకంగా మొదలై, 1991లో చట్టంగా దేశమంతటికీ వచ్చింది. న్యూజిలాండు 1989 చట్టంతో బాలనేరస్తుల కేసుల్లో కుటుంబాలను, బాధితులను ఒక దగ్గర కూచోబెట్టే సమావేశాన్ని పద్ధతిగా పెట్టింది. అక్కడి మావోరీల ఆచారం ఆ చట్టం వెనక ఉంది. అదే ఏడు ఆస్ట్రేలియా ఆచార్యుడు జాన్ బ్రెయిత్‌వెయిట్, తప్పు చేసినవాడికి సిగ్గు కలిగించడంలో మళ్లీ కలుపుకునే సిగ్గు వేరు, వెలివేసే సిగ్గు వేరని ఒక పుస్తకమే రాశారు. నాకు చాలా నచ్చిన సంగతి షెఫీల్డ్‌లోనే జరిగింది. సంస్థలు మూసెయ్యాలేమో అని క్రిస్టీ అన్న ఆ విశ్వవిద్యాలయం నుంచే జొవానా షాప్లాండ్ బృందం 2000ల్లో బ్రిటన్‌లోని మూడు పథకాలను ఏళ్ల తరబడి పరిశీలించింది. ముఖాముఖి సమావేశాల్లో పాల్గొన్న బాధితుల్లో 85 శాతం మంది తృప్తి చెందారని, మళ్లీ నేరాలు చెయ్యడం 14 శాతం తగ్గిందని తేల్చింది. చిన్నా చితకా కేసులకే ఇది పనికొస్తుందనే మాటను కూడా ఆ అధ్యయనం గట్టిగా దెబ్బతీసింది, ఎందుకంటే అందులో దోపిడీలు, ఇళ్ల చోరీలు కూడా ఉన్నాయి.

మన దగ్గర దీనికి దగ్గరగా కనిపించేది లోక్ అదాలత్. 1987 చట్టంతో చట్టబద్ధత పొందింది, మంచి ఉద్దేశంతోనే వచ్చింది. కానీ ఆ రోజున కోర్టుకు వెళ్లి చూస్తే కేసుల కట్టలు, సంతకాల వరసలు. సాయంత్రానికి ఎన్ని తెగాయో లెక్క పత్రికల్లో వస్తుంది. రాజీ కుదిరింది కానీ ఆ ఇద్దరూ మాట్లాడుకున్నారా అని ఎవరూ అడగరు. క్రిస్టీ చూపించిన గదికి, ఈ గదికి ఉన్న దూరం ఒక పీహెచ్‌డీకి సరిపడా ఉంది.

వ్యాసం చివరికి ఆయన మొదటి అనుమానానికి, అంటే నేరశాస్త్ర సంస్థలు ఉండాలా అన్నదానికి, తిరిగి వస్తారు. నిపుణులు తప్పనిసరైతే వాళ్లు అడిగినప్పుడు చెప్పే ఆసరాగా ఉండాలి, తగువును జరగనిచ్చే ఏర్పాటు చెయ్యాలి, నడుమ కూచోకూడదు. యూనివర్సిటీ పని వృత్తినిపుణులను అచ్చువేసి పంపడం కన్నా అర్థం చేసుకోవడం, విమర్శించడం. ఆచార్యులకు అధికారం ఉండకూడదు, ఆలోచన ఉంటే దాని బరువే చాలు. తనను పిలిచిన సంస్థను ఆయన కించపరచలేదని ఇక్కడ తెలుస్తుంది, దానికి ఒక గౌరవమైన పని అప్పజెప్పారు. కూర్చున్న వరసతో మొదలైన వ్యాసం ఆచార్యుడు ఎక్కడ కూచోవాలో చెప్పి ఆగుతుంది.

మందమర్రి నుంచి ఈ చదువులోకి పోయే విద్యార్థికి పరిశోధించడానికి ఒక కేసు సిద్ధంగా ఉంది. క్రిస్టీ తన నమూనాకు అడ్డంకుల్లో ఒకటిగా బాధితులు తక్కువైపోవడాన్ని చెప్పారు. ఈ కాలపు దొంగతనాల్లో నష్టపోయేది చాలాసార్లు మనిషి కాదు, సంస్థ. మా బొగ్గు ఊళ్లల్లో అట్లాంటి నేరం పొయ్యిలోకి బొగ్గు. సైడింగ్‌ల దగ్గర, కుప్పల దగ్గర బస్తా బొగ్గు ఎత్తుకుని సైకిల్ మీద వేసుకుపోతుంటే సెక్యూరిటీ వాళ్లు పట్టుకుంటారు. బాధితుడు సింగరేణి, రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న కంపెనీ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడ్డవాడు సొత్తు తిరిగి ఇస్తే, శిక్ష సమాజ సేవ. చట్టం తలుపు కొంచెం తీసింది. ఆ సేవ ఏమిటో ఎవరు చెప్పాలి, అది ఎక్కడ చెయ్యాలి, జడ్జి ఒక్కరే రాసెయ్యాలా, లేక కాలనీ వాళ్లు, ఆ మనిషి ఇంటివాళ్లు, బావిలో ఆ బొగ్గు తీసిన కార్మికులు కూచొని తేల్చాలా? కంపెనీ తరఫున కుర్చీలో ఎవరు కూచోవాలి, మేనేజరా, పట్టుకున్న గార్డా, లేక పక్క క్వార్టరులోనే ఉంటూ నెలకు ఇంత బొగ్గు తవ్వి పైకి పంపే మనిషా?